ఒంటిచేతి అంట్లు

కుహ్మోలో జనవరి. మధ్యాహ్నం మూడింటికే
కిటికీ అద్దం నల్లపలక అయిపోతుంది.
నేను ఏలకులు దంచి పిండి కలుపుతాను,
సుల్హో అంట్లు తోముతాడు.
నలభై ఏళ్లుగా మాకు శనివారమంటే ఇదే.

కిందటేడు పక్షవాతం వచ్చి
ఆయన ఎడమచేతిని పట్టుకుపోయింది.
చెయ్యి భుజానికి వేలాడుతూనే ఉంది,
అద్దెకున్నవాళ్లు ఖాళీచేసిన గదిలా.
ఏప్రన్ ముడి ఇప్పుడు నేను వేస్తాను.

కసరత్తులు చేయించే పిల్ల వెన్లా
డిష్‌వాషర్ కొనమంది, టేపు పెట్టి కొలిచింది కూడా.
చోటు లేదన్నాను.
చోటుంది.

బదులుగా నేనే తెలివిమీరాను.
గిన్నె జారకుండా సింకు అడుగున తడిగుడ్డ.
పిండి పొంగేలోపు చెంచాలన్నీ నానబోత.
పిండి అంటిన గిన్నెకి వేడినీళ్లు పనికిరావు,
జిగురై కరుచుకుంటుంది; చన్నీళ్లు పోసి వదిలేస్తే
అలిగిన పిల్లలా కాసేపటికి తనే వదులుతుంది.
ఈ ముక్క సుల్హో ఏనాడూ ఒప్పుకోలేదు.
బల్ల గీకడానికి గడువు తీరిన లైబ్రరీ కార్డు.
ఓవెన్‌లో చక్కెర ఒలికితే వేడిమీదే గుప్పెడు ఉప్పు.
ట్రేకి కాగితం.
తుడిచే పని ఎటూ లేదు:
మా ఇళ్లలో సింకు నెత్తిన ఓ అల్మరా ఉంటుంది,
దానికి అడుగు ఉండదు, కమ్మీలే;
పళ్లేల్ని తడితడిగా నిలబెడితే
వాటి నీళ్లు అవే రాల్చుకుంటాయి.

ఇంతా చేస్తే, ఓ శనివారం
ఆయన సింకు దగ్గరికొచ్చేసరికి
మిగిలింది ఒక్క కాఫీ కప్పు.
దాన్ని తోమాడు. మళ్లీ తోమాడు.
పిడిలో వేలు దూర్చి తిప్పి తిప్పి తోమాడు,
దానిమీది నీలిపువ్వు చెరిగిపోతుందేమో అనుకున్నాను.
"ఐలి, నన్ను చుట్టాన్ని చేసేశావు" అన్నాడు
నావైపు చూడకుండా.

పైవారం గిన్నెలో పిండి గీకలేదు.
ట్రేకి కాగితం వెయ్యడం మరిచిపోయాను.
మరవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు!
దాల్చినచెక్క చక్కెర కారి, మాడి,
ఇనుముకి ఇంకో ఇనుము అయి కూర్చుంది.

ఒంటిచేత్తో చప్పట్లు మోగవంటారు.
ట్రే మోగింది. బాగా మోగింది.
దాన్ని పొట్టతో సింకు అంచుకి అదిమిపట్టి
కుడిచేత్తో రుద్దాడు, బొడ్డుదాకా చొక్కా తడిసి.
ముప్పావుగంట. ఒక బూతుమాట, రెండు ఈలలు.
గిన్నెకి వేడినీళ్లే పోశాడు, మొండిమనిషి.
నేను నోరెత్తలేదు.

సింకు అడుగున తడిగుడ్డ అలాగే ఉంది.
చూశాడు. తియ్యలేదు.
చూడటం నేను చూశానని ఆయనకి తెలుసు.

నేలమీద మడుగు కట్టింది.
అది తుడవడం నా వంతు.