ఐదు డిగ్రీల చలి

గుంటూరులో చలికాలం ఒక్కచోటే ఉంటుంది.
ఏటుకూరు రోడ్డులో, ఇనప తలుపు వెనక,
అమ్మోనియా వాసన వేస్తూ,
మిరపకాయ టిక్కీల మధ్య.
దాని తాళంచెవి మస్తాన్‌వలీ బెల్టుకి వేలాడుతుంది.

యాపిల్ లోడుతో కాశ్మీరు నించి దిగిన డ్రైవరు
పాత మేజోడు ఒకటి ఇచ్చిపోయాడు.
అందులో పదకొండు దుంపలు.
ఉల్లిపాయలేమో, కూరలోకి, అన్నాను.
"కాదు దానమ్మక్కా, పూలు.
మూడు నెలలు చలి తగిలితేగానీ వీటికి
పుయ్యాలన్న సంగతి గుర్తురాదంట."

నేను తొడిమలు తీసేదాన్ని.
పొద్దున తేజ, మధ్యాహ్నం తేజ.
ఇంటికెళ్ళి మజ్జిగలో ముంచినా
నిద్రలో వేళ్ళు మండుతూనే ఉంటాయి.
చలి అని ఎవరన్నా అంటే
నాకు నోట్లో నీళ్ళూరతాయి.

మూడో ఛాంబరు, పైవరస, గోడ మూల.
చీటీ మీద లాట్ నంబరు వేశాడు,
రైతు పేరు దగ్గర గీత గీసి వదిలేశాడు.
గుమస్తా అడిగితే విత్తనం సరుకన్నాడంట.
అబద్ధమేం కాదు.

దసరా మర్నాడు పెట్టినవి
క్రిస్మస్ స్టార్లు దించకముందే బయటికొచ్చాయి.
మూడు కుళ్ళాయి. రెంటిని పందికొక్కు తినేసింది.
మిగతా ఆరూ పెయింటు డబ్బాల్లో,
కండెన్సరు నీళ్ళు కారే గోడవార.
ఎండ అటు తిరిగితే
చేపల మార్కెట్టు ఐసు తెచ్చి మట్టి మీద పరిచేవాడు.
జొరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ వేసినట్టుందయ్యా, అన్నాను.
నవ్వలేదు. ఇంకో ముక్క పెట్టాడు.

ఆకులు ఆరింటికీ వచ్చాయి.
పువ్వు ఒక్కదానికే. కాడ జానెడు లేదు.
ఎరుపు.
అంత దూరం వచ్చి, అంత చలి తిని,
చివరికి మన పండుమిరప రంగే పూసింది!
హమాలీలు మూట దించి, "ఇదేనా?" అన్నారు.
కాటా కుర్రాడొక్కడే ఫొటో తీసుకున్నాడు.

తొమ్మిదింటికి విచ్చింది.
పన్నెండింటికి రేకులు వెనక్కి వాలి
లోపలి నల్లమచ్చ బయటపడింది.
చెయ్యి చాపబోయి ఆగాను, కారం.
మోచేత్తో తాకాను.
ఆ ఎండలో కూడా
పువ్వు చల్లగా ఉంది,
లేక నాకే అలా అనిపించిందో.

మార్చిలో తవ్వితే
అడుగున పిల్లదుంప ఒకటి, శనగ్గింజంత.
అది పుయ్యడానికి ఎన్నేళ్ళో వలీకీ తెలీదు.
చీటీ మాత్రం అప్పుడే రాసేశాడు.
ఈసారి రైతు పేరు దగ్గర
"దానమ" అని ఉంది.
మ-వత్తు మర్చిపోయాడు.
నేను దిద్దమనలేదు.