ళ రాని టీచరమ్మ

పేరు ఇంగెబోర్. మా నోళ్ళకది తిరగలేదు.
పాకాల బడిలో మొదటి వారానికే ఇంగమ్మయింది.
సంగటి ముద్ద తట్టలో పెడతా రాహేలవ్వ
"ఇంగ కావల్నామ్మా?" అంటే
తననే పిలిచిందనుకుని లేచి నిలబడేది.

తెల్లారుజామున ధర్మవరం బండి కూత.
దాని వెనకాలే, వేపకొమ్మకు కట్టిన పట్టా ముక్క మీద
ఆమె కొట్టే గంట.
కిరసనాయిలు దువ్వెనతో వరసగా మా తలలు,
ఆ తర్వాత గోళ్ళు, ఆ తర్వాత ప్రార్థన.
"ప్రభువా, మా కల్లు తెరువు" అనేది.
ముప్పైమంది ఆడపిల్లలం పెదాలు కరుచుకునేవాళ్ళం.
మా ఇళ్ళల్లో ఆ ముంతలు
ఎవరూ అడగకుండానే తెరుచుకునేవి.

నాలుక మడిచి, పైన తగిలించి, వదలాల టీచర్: ళ.
నేను చూపిస్తే, చేతద్దం పట్టుకుని
తన నోట్లోకి తానే తొంగి చూసుకునేది
బావిలో చేద పడేసుకున్న మనిషిలా.

మీ ఊర్లో మంచు ఎట్లుంటాదని అడిగినాం ఒకసారి.
మిద్దె ఎక్కి గుప్పెడు బూరుగు దూది వదిలింది.
"చల్లగా ఉంటుంది" అంది. కాసేపాగి
"చప్పుడు ఉండదు" అంది.
ఆపైన తెలుగు దొరకలేదు ఆమెకు.

పెరటాసి శనివారాల్లో రోడ్డంతా పసుపు బట్టలు.
గోవింద వినపడితే సుద్దముక్క కింద పెట్టేది.
గుంపు దాటేదాకా
భాగహారం బోర్డు మీద సగంలోనే నిలబడి ఉండేది.
గేటు పక్కన రెండు కుండల నీళ్ళు, ఒక సత్తు గ్లాసు.
రోజూ తనే తోమేది ఆ గ్లాసును.

ఆ ఏడే మునిలక్ష్మి జుట్టు కత్తిరించింది.
పేలు, పుండ్లు, చీము. వేరే దారి లేదనుకుంది.
మర్నాడు వాళ్ళమ్మ గేటు పట్టుకుని అరిస్తే
స్టేషను దాకా వినిపించింది.
"కొండకు మొక్కిన జుట్టు కదమ్మా అది!
నువ్వెవురు తీసేదానికి?"
టీచరు ముఖం సున్నం కొట్టినట్టయింది.
మొక్కు అనే మాట ఆమె నోటుబుక్కులో లేదు.
నాకొచ్చినంతలో నేనే చెప్పినాను:
అప్పు లాంటిది టీచర్. ఆ జుట్టు ఆయనది.

సవరాలవాడికి వేసి పిన్నీసులు కొందామని
రాహేలవ్వ దాన్ని పాతగుడ్డలో దాచిపెట్టబట్టి సరిపోయింది.
ఆ మూటను రెండు చేతులా పట్టుకొచ్చి తల్లికిచ్చింది.
తిరుపతికి నాలుగు టికెట్లు తీసింది,
మాటసాయానికి నాతో కలిపి.

అలిపిరి మెట్ల మొదట్లో ఆగిపోయింది.
రాలేననీ అనలేదు, రాకూడదనీ అనలేదు.
"ఇక్కడ ఉంటాను" అంది.
రాతి మీద, నల్ల గొడుగు కింద
రోజంతా మా డిక్టేషన్లు దిద్దుకుంటా కూర్చునింది.
నా పుస్తకంలో ఒక ఎర్రసిరా గీత
చెమట చుక్క పడి ఇప్పటికీ ఉబ్బి ఉంది.
గుండుతో దిగొచ్చిన ముసలాయన ఎవరో
ఆమె చేతిలో లడ్డు తుంపొకటి పెట్టి పోయినాడు.
నేను నీళ్ళకు పోయొచ్చేసరికి కాగితం ఖాళీ.
దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంటా ఉంది.
పక్కనే కాకులు కూడా ఉన్నాయి. నేనేమీ అడగలేదు.

పొద్దుగూకే వేళకు మునిలక్ష్మి దిగింది, తలనిండా గంధం.
టీచరు వంగి, చెవుల వెనక పుండ్లు మానినాయా అని
ఎప్పటిలాగే చూసింది.

డెన్మార్కుకు రాసే ఉత్తరంలో ఇదంతా రాసిందో లేదో.
ఆ ఉత్తరాలు పోస్టులో వేసేది నేనే,
బరువు మాత్రమే తెలుసు నాకు.

వెళ్ళిపోయే ఏడాది ఆమెకు ళ వచ్చేసింది.
ఒక పొద్దున ప్రార్థనలో "మా కళ్ళు" అంది, స్పష్టంగా.
ఎవరూ పెదాలు కరుచుకోలేదు.
ఆమె ప్రార్థన ఆపి, కళ్ళు తెరిచి
మా వంక చూసింది,
ఏమైనా తప్పు పలికానా అని.