ఉన్నిలో ఉండ

ముప్ఫై ఏళ్ళుగా ఉన్ని తడుముతున్న వేళ్ళు ఇవి.
గొర్రె ఏ వాలున మేసిందో
ఏ ముళ్ళపొదను రాసుకుని వచ్చిందో
చీకట్లోనైనా చెబుతాయి.
వేడినీళ్ళ కింద, సబ్బునురగ కింద
బఠాణీగింజంత ఉండ తగిలినా
టక్కున ఆగిపోతాయి.

సోమవారం పొద్దున గుండీలు పెట్టుకుంటుంటే
అవే వేళ్ళు
ఎడమ రొమ్ము పక్కన ఆగిపోయాయి.

ఆ రోజు షిర్దాక్ తివాచీ మీద
పొట్టేలు కొమ్ముల్ని తలకిందులుగా కుట్టాను.
తోడికోడలు కెంజెగుల్ చూసింది, నవ్వలేదు.
ఆమె చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాను.

సాయంత్రానికల్లా బజారుకు తెలిసిపోయింది.
ఒకావిడ క్యాబేజీ ఆకు కట్టుకోమంది.
ఒకావిడ తేనె పట్టించమంది.
రొట్టెలమ్మే ముసలావిడ మాత్రం ఏమీ అనకుండా
వేడి రొట్టె నా చేతిలో పెట్టి
డబ్బులొద్దంది.
అప్పుడు భయమేసింది నాకు, నిజంగా.

నారిన్‌కి వ్యానులో నాలుగు గంటలు.
చల్లటి జిగురు పూసి
యంత్రం ఆనించింది డాక్టర్ ఐచురెక్.
తెర మీద నల్లగా, గుండ్రంగా, తీరైన అంచుతో
చంద్రుడు లేని రాత్రి
కనుమ మీంచి చూసిన సోన్‌కుల్ సరస్సు.

"నీటితిత్తి" అంది.
"నీ వయసులో చాలామందికి వస్తుంది.
నెలసరి ముందు ఉబ్బుతుంది, తర్వాత తగ్గుతుంది."
"నీళ్ళయితే ఇంత గట్టిగా ఎందుకుంది?"
"కుమిస్ నిండిన తోలుసంచిని
ఎప్పుడూ నొక్కి చూడలేదా నువ్వు?"

సూదితో లాగింది.
గాజుగొట్టంలో చెంచాడు నీళ్ళు, ఎండుగడ్డి రంగులో.
వేళ్ళు మళ్ళీ వెతికాయి. ఏమీ లేదు.
నాలుగు రాత్రులు నన్ను మింగింది
ఈ చెంచాడు నీళ్ళా!

బయట బల్ల మీద పంతొమ్మిదేళ్ళ బెగిమై.
ఆ పిల్లది నీరు కాదట, కండ.
తాకితే చేపపిల్లలా జారుతుందట.
సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించారు,
ప్రమాదం లేదన్నారు, ఆరునెలలకి మళ్ళీ రమ్మన్నారు.
ఆ కాగితాన్ని మడుస్తోంది, విప్పుతోంది,
మళ్ళీ మడుస్తోంది.

"నా వేళ్ళు ఎప్పుడూ తప్పు చెప్పవు"
అన్నాను డాక్టరుతో, కొంచెం గర్వంగానే.
"నిజమే, కనిపెట్టాయి.
అదేమిటో తేల్చడం మాత్రం వాటి పని కాదు.
మళ్ళీ ఏదైనా తగిలితే బజారుకి కాదు, ఇక్కడికి రా."

వ్యాను హారన్ కొడుతోంది.
నాతోపాటు కూర్చున్న మూడో ఆవిడ
లోపలికెళ్ళి చాలాసేపైంది.
పేరు కూడా అడగలేదు నేను.
వెళుతూ వెళుతూ తన కోటు
నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

వ్యానుని పోనిమ్మన్నాను.
కోటు అస్తరు కింద గరుకుగా ఏవో ముళ్ళు.
ఒక్కొక్కటే ఏరుతూ
తలుపు వైపు చూస్తున్నాను.