స్నానాల గది కాపలా

మా ఊరి ఈతకొలనులో
ఇరవై రెండేళ్ళుగా నాదొకటే పని:
నీళ్ళలో దిగేముందు ఆడవాళ్ళంతా
నూలుపోగు లేకుండా సబ్బుతో కడుక్కున్నారో లేదో చూడటం.
ఐస్‌లాండ్‌లో ఇది సిగ్గుపడే సంగతేం కాదు.
ముసలమ్మలు, బడిపిల్లలు, బ్యాంకు మేనేజరు,
ఎవరి ఒంటి మీద ఏ కుట్లున్నాయో
నాకు నోటికొచ్చు.

అందుకే కాబోలు పిలుపు నాకూ వచ్చింది.
మంగళవారం సాయంత్రాలు, బడి లైబ్రరీలో,
తమను తాము గాయపరచుకునేవాళ్ళకి
తోడు నిలవడం ఎలాగో నేర్పుతారట.
ఇదీ ఒకరు నేర్పాలా, అనుకుంటూనే వెళ్ళాను.
పిల్లల కుర్చీలు.
జుట్టు కత్తిరించే హాల్బేరా, బస్సు నడిపే యోకుల్,
చేపల ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఔస్‌గ్రీముర్
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకున్నారు.

నేర్పేవిడ పేరు స్టేన్వోర్. బోర్డు మీద ఏమీ రాయలేదు.
"ఒక పిల్ల మీ ముందు చొక్కా చెయ్యి పైకి లాగింది.
మీ నోట మొదట వచ్చేదేమిటి?
మంచి మాట వద్దు. నిజంగా వచ్చేదే చెప్పండి."
చెప్పాం.
అయ్యో దేవుడా.
ఎందుకు చేశావిలా? మీ అమ్మకి తెలుసా?
ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టెయ్యి.
ఆవిడ ఎవర్నీ తప్పుపట్టలేదు.
"ఒట్టు వేయిస్తే," అంది,
"రేపట్నించి నొప్పితో పాటు
అబద్ధాన్ని కూడా దాచుకోవాలి ఆ పిల్ల."

"అందరూ చూడాలని వేసే వేషం కదా ఇదంతా?"
అన్నాడు ఔస్‌గ్రీముర్.
"అర్ధరాత్రి కూడా ఎండ కాసే జూన్‌లో
మణికట్టు దాకా స్వెటరు తొడుక్కుని తిరిగే మనిషి
ఎవరికి చూపిద్దామని?"
అతను లేచి బయటికి పోయాడు.
కిటికీలోంచి చూశాను:
కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు,
అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని.

నాకు యోకుల్ జత పడ్డాడు.
రెండు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినాలి.
నలభై సెకన్లకే నేను చేపనూనె గుణాలు ఎత్తుకున్నాను.
వాడు నవ్వాడు. మళ్ళీ మొదలుపెట్టాం.
ఆ రెండోసారి, నోరు మూసుకున్న ఆ కాస్త సందులోంచి
వచ్చి నిలబడింది,
నాలుగేళ్ళ కిందటి ఫిబ్రవరి పిల్ల.
ఈతబట్టలు విప్పకుండా షవరు కింద,
చేతులు రెండూ పొట్టకి అదుముకుని.
గోడ మీది బొమ్మ చూపించి అరిచాను,
గదంతా వినేట్టు: రూలంటే రూలే!
పొగరు అనుకున్నాను.
తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయింది.
తలుపు దాకా తడి పాదాల గుర్తులు.
వాటినీ నేనే తుడిచాను.

రెండో మంగళవారం అందరికంటే ముందొచ్చి కూర్చుంది
ఔస్‌గ్రీమురే.
ఒక్కటే అడిగాడు, నేలకేసి చూస్తూ:
"తలుపు కొట్టాలా, వదిలెయ్యాలా?"
"కొట్టండి. పలక్కపోతే బయటే కూర్చోండి.
ఉన్నానని తెలియనివ్వండి.
మీ ఒక్కరి వల్లా కాకపోతే, కాదు. డాక్టరు దగ్గరికి
తోడు వెళ్ళడం కూడా మొయ్యడమే."

స్టేన్వోర్ స్వెటరు చేతులు
మొదటి రోజు నుంచీ మోచేతుల పైకి మడిచే ఉన్నాయి.
నేను చూసింది ఆఖరి రోజున.
ఇరవై రెండేళ్ళు ఒళ్ళు చూసి బతికినదాన్ని.

చివరి షవరుకి తెర కుట్టాను.
ఒక అంచు రెండంగుళాలు పొట్టిదైంది.
ఎవరికోసం, అన్నాడు మేనేజరు.
ఎవరికైనా, అన్నాను. బోర్డు పెట్టనివ్వలేదు.
ఆ పిల్ల రాలేదు.
ఊళ్ళో ఉందో లేదో, పేరైనా తెలియదు నాకు.

నిన్న ఎవరో తెర లాక్కున్నారు.
పొట్టి అంచు కింద రెండు పాదాలు.
చాలాసేపటికీ నీళ్ళ చప్పుడే.
ఏమడగాలో నేర్చుకున్నదంతా గొంతులో వరస కట్టింది.
"నీళ్ళు వేడిగానే ఉన్నాయా?" అన్నాను.
"ఊఁ."
తువ్వాళ్ళు మడతపెడుతూ
అక్కడే ఉండిపోయాను,
మడతపెట్టినవే మళ్ళీ.