మానేరు కట్ట

కరీంనగర్‌లో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు.
మ్యూజియంలో నేనొక్కడినే.
ఓదెలు ముందు నడుస్తూ
గదికో లైటు వేశాడు,
వెనక గదిది ఆర్పేశాడు.

సీసపు నాణేలు, బావిలోని మట్టి వరలు.
ఒక కుండపెంకు మీద ఎవరిదో బొటనవేలు
తడి ఆరకముందే
అంత తొందరేమొచ్చిందో.

"కట్ట చూసిండ్రా సారూ?
మా ఊరు ఆ నీళ్లల్లనే.
ఎండకాలం డ్యామ్ దిగితే
గిర్నీ గద్దె తేల్తది.
మా అమ్మ ఆడ అర్ధరూపాయి బాకీ ఉండె."

పొద్దుగూకే వేళ
మక్కకంకి కొరుకుతూ నీళ్లను చూశాను.
పిల్లల కేకలతో బోటొకటి
గిర్నీ మీదుగానే కావచ్చు, మళ్లింది.

ఉప్పూకారం అంటిన బొటనవేలు
రెయిలింగ్ మీద ఆనించాను.
గాలి బాగా ఉంది.
ఆఖరి బస్సు ఏడున్నరకట.