మార్చి ముప్పై ఒకటి

పైసలొచ్చినయని తలాఠీ సారు ఫోన్ చేసిండు
ఇరవై ఎనిమిదో తారీఖు, పొద్దుమీకినంక.
ఏడాదంతా మా సిరొంచ తాలూకా మొఖం చూడని పైసలు
మూడు దినాల ఆయుష్షుతోటి వచ్చినయి,
దవాఖానోళ్లు ఇంటికి తోలిచ్చిన మనిషి తీరు.

గైరాన్ చుట్టూ కంచె. నీలిరేకు బోర్డు ఒకటి.
ఆక్రమణ తీసేటందుకు జేసీబీ, గంటకు పదమూడు నూర్లు.
అన్నిటికన్న అడుగున, చిన్నక్షరాలల్ల,
కోత్వాల్ దుర్గం పోశంకు ఏడు నెల్ల బకాయి.
ఆ పోశంను నేనే.

హద్దురాళ్లు నలభై ఒకటి.
మా నాయిన ఒక్కొక్క రాయి మీద
నన్ను కూసోబెట్టి నేర్పిండు.
ఇరవై రెండు నుంచి ముప్పై దాకా ఇటుకబట్టీ మింగింది,
ఆ తొవ్వ నన్నెవరూ అడగలే.
అడిగిందల్ల పదిహేడో రాయి.

పదిహేడో రాయి
మడావి జంగుబాయి పొయ్యికి మూడో రాయి.
మసిబట్టి నంబరు కనబడది గానీ
ఏలు పెట్టి తడిమితే ఒకటీ, ఏడూ తగుల్తయి.
దాని ఎన్క ఎకరంన్నర మిర్చి,
సగం ఏరింది, సగం చెట్టుకే ఉన్నది.

మొదటి దినం ప్రాణహిత ఒడ్డుకు తీస్కపోయిన.
"గీడ్నే ఉండె సారూ, వరదకు పోయినట్టుంది."
రెండోనాడు టేకు కూపు దిక్కు.
జీపు ఇసుకల దిగబడ్డది. నెట్టిన,
గట్టిగ నెట్టలే.
మూడోనాడు ఎండకు అందరి నోర్లు ఎండినయి.
నాగపూర్ నుంచి కొత్తగొచ్చిన సర్వేయరు పోరడు
చేతిల మిషను బందుపెట్టి
నా మొఖం చూసిండు శానసేపు.
"కాకా, నీకు తెలుసు గదా" అన్నడు మరాఠీల.
మరాఠీ నాకు మంచిగనే వస్తది.
ఆ ఒక్క మాట అర్థం కాలే.

రాత్రి పన్నెండు కొట్టంగనే
పైసలు ముంబైకి మర్లిపోయినయట.
కంచె పోయింది, జేసీబీ పోయింది,
నా ఏడు నెల్లు సుత పోయినయి.
బోర్డు ముందుగాల్నే కొట్టించి ఉండె,
యాడ పాతాల్నో తెల్వక
చావడి గోడకు ఆనిచ్చిన్రు. దాని నీడకు కోళ్లు పండినయి.

తెల్లారి పోతే జంగుబాయి చాయ్ పెట్టింది.
ఆమె ఏమడగలే, నేనేం చెప్పలే.
గిన్నె కింద పదిహేడో రాయి కాగుతున్నది.
రిజిస్టర్ల రాసిన: రాయి ఉన్నది.

ఇగ ఇంటికాడ మా రాజుబాయి అడుగుతది
బకాయి ఏమాయెనని.
ఆమెను ఏ ఒడ్డుకు తీస్కపోవాల్నో
ఇంకా సోంచాయించలే.