కొండెక్కని బండి

ఇక్కడ దీన్ని బక్కీ అంటారు.
పేరుకు తగ్గట్టే బక్కది మాది,
ఎనభై తొమ్మిది మోడల్, పద్నాలుగు వందల సీసీ,
ఉప్పుగాలి తినగా మిగిలిన నీలం రంగు.

కాక్ బే రేవులో తెల్లారకముందే
స్నూక్ చేపలు ఎత్తుకుంటాం,
గ్రాబో ఆపిల్ తోటల దాకా పోయి అమ్ముతాం.
మధ్యలో సర్ లౌరీ కనుమ.
చేపల ధర కొండెక్కేది, పెట్రోలు ధర కొండెక్కేది,
మా బండి ఒక్కటే ఎక్కేది కాదు.
రెండో గేరులో రొప్పుతూ
వెనక లారీల హారన్లన్నీ వీపున మోస్తూ
మూడో మలుపులో ఆగి ఆవిరి కక్కేది.
మునీబా పిన్ని దిగి
చేపల మీది ఐసు గుప్పెడు తీసి
రేడియేటర్ మీద పెట్టేది,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద పెట్టినట్టు.
"ఇద్దరికీ చాలదురా తౌహీర్, ఈ ఐసు."

నేను టర్బో అన్నాను.
వదిలేసిన పొగనే తిని బలిసే
ఆ ఇనుప నత్త మీద ఎప్పట్నుంచో మనసు నాకు.
డెజ్మండ్ ఫోర్టుయిన్ బానెట్ కిందనుంచి తలెత్తకుండానే నవ్వాడు:
"ముసలాడికి ఉబ్బసం. ఊపిరి ఇంకా కూరితే
పక్కటెముకలు పగుల్తాయి.
గుండె మార్చు."

గుండె ఒక సెంట్రా కారులో దొరికింది.
వెనకనుంచి లారీ గుద్ది సగానికి మడిచిన కారు,
ముందు సగానికి ఆ సంగతే తెలియదు.
సొరుగులో ఎవరివో కళ్లజోళ్లు.
పిన్ని వాటిని తుడిచి గూట్లో పెట్టింది,
ఎవరైనా అడగొస్తారని.

మూడు ఆదివారాలు.
కొత్త ఇంజను పాత ఇంట్లో ఇమడనంది,
అడుగున నూనె తొట్టి అడ్డుకమ్మీకి తగిలింది,
కోశాం, అతికాం, మళ్ళీ కోశాం.
గేరుబాక్సుకీ దానికీ పొత్తు కుదరక
మధ్యవర్తిగా ఒక ఉక్కుపలక.
వైర్లయితే, నిద్రలేచిన జుట్టు.
అంతా అయ్యాక తాళం తిప్పబోతే
డెజ్మండ్ నా చెయ్యి పట్టుకున్నాడు.
"బ్రేకులో? పరుగు నేర్పినవాడే
ఆగడం కూడా నేర్పాలి."
ఇంకో ఆదివారం. ఇంకో రెండువేల రాండ్లు.
పిన్ని గాజులు ఏమయ్యాయని నేనడగలేదు.

ఆ గురువారం కనుమ ఎక్కాం,
నాలుగో గేరులో.
మూడో మలుపు ఎప్పుడు దాటిందో తెలియలేదు,
అలవాటుకొద్దీ పిన్ని చెయ్యి
తలుపు పిడి మీదికి పోయి
ఊరికే అక్కడే ఉండిపోయింది.
పైన కోతులు గోడమీద కూర్చుని
మావైపు చూడనైనా లేదు.

గ్రాబోలో ఐసు ఐసులాగే ఉంది.
చేపల కళ్లు తళతళలాడుతున్నాయి.
వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.
గంట గడిచింది. ఈగలొచ్చాయి.
చివరికి డీనా అవ్వ చెత్తబుట్ట పారబోయడానికి వచ్చి
మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యేసుకుంది.
"మీరొచ్చినట్టు ఎవరికి తెలుసు?
మూడు వీధుల అవతల మీ బండి దగ్గితేనే
నేను బాణలిలో నూనె పోసేది!"

పిన్ని సీటు కింద వెతికింది.
తాత నాటి బూర,
ఎండిన సముద్రపు నాచుకాడతో చేసింది.
మొదటిసారి ఊదితే గాలి,
రెండోసారి దుమ్ము, ఒక చచ్చిన సాలీడు.
మూడోసారికి
కుక్కలన్నీ లేచాయి.

పాత ఇంజనును సోలీ మామ అడిగి తీసుకున్నాడు.
నూనె చుక్క లేకుండా కడిగి, గొలుసు కట్టి
రేవులో తన పడవకు లంగరుగా దింపాడు.
ఏ కొండా ఎక్కలేకపోయింది,
ఇప్పుడు ఈశాన్యపు గాలికీ ఆగ్నేయపు గాలికీ
అంగుళం కదలదట.
"దాని గుణమే అంత,
మనమే తప్పు పనిలో పెట్టాం" అంది పిన్ని.

కళ్లజోళ్లు గూట్లోనే ఉన్నాయి.
నేనా?
కొత్త ఇంజను పక్కన, ఎడమవైపు,
సరిగ్గా నత్త పట్టేంత చోటుంది.
కొలిచి చూశాను.